ట్రైలర్ తగిలిస్తే ఎస్‌యూవీ వెనక కుంగుతోందా? ఎయిర్ స్ప్రింగులు వేసే ముందు, వేసేటప్పుడు

టొయోటా ఫోర్‌రన్నర్‌కో పాత షెవ్రొలే టాహోకో క్యాంపింగ్ ట్రైలర్ తగిలించగానే వెనక భాగం కిందికి దిగి, ముక్కు పైకి లేచి, ఎదురొచ్చే వాళ్లు లైట్లు తగ్గించమని ఫ్లాష్ కొడుతున్నారంటే, వెనక కాయిల్ స్ప్రింగుల లోపల పెట్టే గాలి బ్యాగుల (ఎయిర్ స్ప్రింగుల) గురించి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అమెరికాలో ఎయిర్ లిఫ్ట్ 1000, ఫైర్‌స్టోన్ కాయిల్ రైట్ అనే కిట్లు ఎక్కువగా దొరుకుతాయి. రెండూ దాదాపు ఒకే పద్ధతి, గాలి 5 నుంచి 35 పీఎస్ఐ మధ్య ఉండాలి. ఒక మధ్యాహ్నంలో ఇంటి డ్రైవ్‌వేలోనే వేసుకోవచ్చు. ఇండియాలో కాయిల్ చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు చాలామంది చూసి ఉంటారు, ఇవి వాటిలాంటివి కావు, బరువు ఉన్నప్పుడు గాలి నింపుకోవచ్చు, దించాక తగ్గించేయొచ్చు. అసలు సౌకర్యమంతా అక్కడే ఉంది.

కానీ ఒకటి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కిట్ డబ్బా మీద 1,000 పౌండ్లు అని చూసి బండి ఇంకో వెయ్యి పౌండ్లు మోస్తుందని అనుకునేవాళ్లు చాలామంది. మొయ్యదు. యాక్సిల్, బ్రేకులు, టైర్లు, ఫ్రేమ్, హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) అన్నీ పాతవే కదా. డ్రైవర్ తలుపు చట్రం మీద స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని. హిచ్ బాల్ మీద ట్రైలర్ నొక్కే బరువు, అంటే టంగ్ వెయిట్, కూడా ఆ లెక్కలోకే వస్తుంది. స్టిక్కర్ మీద 1,200 పౌండ్లు అని ఉందనుకోండి, టంగ్ వెయిట్ 500 పోతే మిగిలేది 700. అందులో ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు, హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మానాన్న మూడో వరుసలో, పైగా కూలర్, కుక్కర్, బియ్యం సంచీ. అయిపోయింది! అలాంటప్పుడు బ్యాగుల్లో గాలి కొడితే బండి చూడ్డానికి సమంగా నిలబడుతుంది, బరువు మాత్రం పరిమితి దాటే ఉంటుంది. కుంగడం కనిపించినంత కాలం కనీసం అనుమానమైనా వచ్చేది, ఇప్పుడు అదీ ఉండదు.

రెండోది ఇంకా ముఖ్యం, దీన్ని చాలామంది పట్టించుకోరు. హిచ్ బాల్ వెనక యాక్సిల్‌కి వెనకాల ఉంటుంది. అక్కడ బరువు పడితే, గునపం ఒక కొస నొక్కితే రెండో కొస లేచినట్టు, ముందు చక్రాల మీద బరువు తగ్గుతుంది. లెక్క చూడండి. ఐదో తరం ఫోర్‌రన్నర్ వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) దాదాపు 110 అంగుళాలు, బాల్ వెనక యాక్సిల్ నుంచి ఓ 48 అంగుళాల దూరంలో ఉందనుకుందాం. టంగ్ వెయిట్ 500 పౌండ్లయితే ముందు యాక్సిల్ మీద సుమారు 220 పౌండ్లు తగ్గి, వెనక యాక్సిల్ మీద 500 కాదు, 720 దాకా పెరుగుతుంది. స్టీరింగ్ తేలికగా, తేలిపోతున్నట్టు అనిపించేది అందుకే. ఎయిర్ స్ప్రింగ్ వెనక ఎత్తును లేపుతుంది కానీ ఆ 220 పౌండ్లను ముందుకు పంపలేదు. ఆ పని చేసేది, బిగించే బార్లతో బరువును ముందుకు పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఒక్కటే. ట్రైలర్ పెద్దదైతే ముందు దాని మీద డబ్బు పెట్టండి, బ్యాగులు తర్వాత. అయితే కొన్ని బండ్లకు ఆ హిచ్ వాడొద్దని తయారీదారులే మాన్యువల్‌లో రాస్తారు, చదవకుండా కొనకండి.

మరి బ్యాగులు ఎవరికి? ట్రైలర్ చిన్నదై, బరువులన్నీ హద్దులోనే ఉండి, వెనక మెత్తగా కుంగుతున్న బండికి. లేదా హిచ్ సరిగా సెట్ చేశాక కూడా వెనక కొంచెం కిందికే ఉంటే. స్ప్రింగులే అరిగిపోయి ఖాళీ బండే కుంగి ఉంటే కొత్త స్ప్రింగులు వేయించండి. గుంత దాటాక బండి మూడు నాలుగుసార్లు ఊగుతుంటే అది షాక్ అబ్జార్బర్ల పని, గాలితో కుదరదు. ట్రైలర్ అటూ ఇటూ తోక ఊపుతుంటే ముందు టంగ్ వెయిట్ చూడాలి, అది ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, తక్కువైతే ఊగుతుంది. కుంగుతోంది కదా అని సామానంతా ట్రైలర్ వెనక్కి సర్దేవాళ్లున్నారు, హైవే మీద అంతకంటే ప్రమాదం లేదు. ఇంకో సంగతి, ఫ్యాక్టరీ నుంచే వెనక ఎయిర్ సస్పెన్షన్ ఉన్న మోడళ్లకు (లెక్సస్ జీఎక్స్ 460లో పై వేరియంట్ లాంటివి) ఈ కిట్లు వర్తించవు. లీఫ్ స్ప్రింగ్ పికప్‌లకు వేరే రకం ఉంటాయి.

ఇక బిగింపు. కిట్ మీ బండి మోడల్, సంవత్సరం చూసే కొనాలి, ఎందుకంటే కాయిల్ లోపలి వ్యాసం, ఎత్తు బట్టి బ్యాగు మారుతుంది, బండి ఎత్తు పెంచించి (లిఫ్ట్ చేయించి) ఉంటే దానికి తగ్గ పొడవుది కావాలి. మొదలుపెట్టే ముందు ఖాళీ బండిని చదును నేల మీద ఆపి నాలుగు చక్రాల దగ్గరా నేల నుంచి ఫెండర్ (చక్రం పైనున్న రేకు) అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఈ నాలుగు అంకెలు లేకపోతే తర్వాత సెట్ చేసేదంతా ఊహే.

ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక ఫ్రేమ్‌ని జాక్‌తో లేపి జాక్ స్టాండ్ల మీద నిలపాలి. జాక్ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరొద్దు. చక్రాలు తీశాక యాక్సిల్ కింద జాక్ పెట్టి, షాక్‌ల కింది బోల్టులు, అవసరమైతే స్వే బార్ (బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకులు విప్పి, యాక్సిల్‌ని మెల్లగా కిందికి దించితే కాయిల్ చుట్ల మధ్య సందు పెరుగుతుంది. దించేటప్పుడు కళ్లు బ్రేక్ గొట్టం మీదా ఏబీఎస్ వైరు మీదా ఉండాలి, అవి బిగుసుకుంటే అక్కడే ఆపండి. కొన్ని బండ్లలో కాయిల్ లోపల రబ్బరు స్టాపర్ ఉంటుంది, దాన్ని తీయాలా, కోయాలా, వదిలేయాలా అన్నది కిట్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది. వీడియోలో వేరే బండికి ఎవరో చేశారని మీరు కోసేయకండి.

బ్యాగులో గాలంతా పిండేసి, మూత పెట్టి, పొడవుగా చుట్టచుట్టి చుట్ల మధ్య నుంచి లోపలికి తోయండి. చలికాలంలో బిరుసుగా ఉంటుంది, గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే మాట వింటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడవద్దు. లోపలికి వెళ్లాక మూత తీసి దాని ఆకారం అది తీసుకోనివ్వండి, కిట్‌లో ఇచ్చిన రక్షణ బిళ్లలు పైనా కిందా సరిగా కూర్చున్నాయా చూడండి.

గాలి గొట్టాన్ని పదునైన బ్లేడుతో నిటారుగా కోయాలి, వాలుగా కోస్తే అక్కడే లీకవుతుంది. సైలెన్సర్ గొట్టానికి దూరంగా తీసుకెళ్లండి, తప్పదనుకుంటే వేడి తగలకుండా షీల్డ్ వేయండి, పదును అంచుల దగ్గర తొడుగు వేసి జిప్ టైలతో కట్టండి. కిట్‌లో టీ జాయింట్ ఇచ్చి రెండు బ్యాగులకూ ఒకే వాల్వ్ పెట్టుకోవచ్చంటారు. నా మాట వినండి, రెండు వాల్వులు వేరుగా పెట్టండి. ఒకటే లైనైతే మలుపులో బరువు పడ్డ వైపు గాలి రెండో వైపుకి పారిపోయి బండి ఇంకా ఒరుగుతుంది. వాల్వులకు నంబర్ ప్లేటు పక్కన చోటు బాగుంటుంది, వంగకుండా అందుతాయి.

బండి బరువు స్ప్రింగుల మీదకు దిగాక, షాక్ బోల్టులన్నీ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి బిగించాక మాత్రమే గాలి కొట్టండి. యాక్సిల్ వేలాడుతుండగా నింపితే బ్యాగు చుట్ల మధ్యకు ఉబికి చిరుగుతుంది. తర్వాత సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయా చూడండి, మర్నాడు పొద్దున మళ్లీ గాలి చూడండి.

లోపల పట్టే గాలి చాలా తక్కువ కాబట్టి పెద్ద కంప్రెసర్‌తో కొడితే రెప్పపాటులో 35 దాటేస్తుంది. సైకిల్ పంపు చాలు, అదే మంచిది కూడా. గేజ్ పెట్టిన ప్రతిసారీ రెండు మూడు పీఎస్ఐ దానిలోకే పోతుంది, అందుకే కొంచెం ఎక్కువ కొట్టి చూసుకోవాలి. ఖాళీ బండికి కూడా 5 కంటే తగ్గించొద్దు, మడతపడి చిరిగిపోతుంది.

ట్రైలర్ తగిలించాక వరుస ఇది: బ్యాగుల్లో 5 ఉంచి, ట్రైలర్ తగిలించి, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు బిగించి, ముందు ఫెండర్ ఎత్తు మీరు రాసుకున్న అంకె వైపు మాన్యువల్ చెప్పినంత మేరకు వచ్చిందా చూడండి. అప్పుడూ వెనక తక్కువుంటేనే కొద్దికొద్దిగా గాలి పెంచి, ముందు ఎత్తు మళ్లీ కొలవండి. ముందే బ్యాగులు నిండా నింపి వెనకను లేపేశారంటే బార్ల సెట్టింగంతా తప్పుతుంది. వెనక భాగం ఖాళీ బండి కంటే ఎత్తుకు పోకూడదు, ఒక అంగుళం కిందికుంటే ఏమీ కాదు.

తర్వాత దారిలో ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (ట్రక్కులు తూచే కాటా) మీద నిండు ట్యాంకుతో, మనుషులందరితో ఒకసారి తూకం వేయించండి. ముందు, వెనక, ట్రైలర్ యాక్సిళ్ల బరువులు విడివిడిగా కాగితం మీద వస్తాయి, వాటిని తలుపు దగ్గరి స్టిక్కర్లతో పోల్చుకోండి. ట్రైలర్‌లో నీళ్ల ట్యాంకు నింపారా లేదా అన్నది కూడా లెక్కే, గ్యాలనుకి 8.3 పౌండ్లు, ట్యాంకు ట్రైలర్ యాక్సిల్‌కి ముందుంటే అందులో కొంత హిచ్ మీదకు వస్తుంది.

టైర్లు మార్పించడానికి షాపుకి ఇచ్చేటప్పుడు, బండిని ఫ్రేమ్ పట్టి లేపే ముందు బ్యాగుల్లో గాలి తీసేయాలని చెప్పండి, దించాక మళ్లీ 5 కొట్టాలి. వాళ్లు మర్చిపోతారు, బయల్దేరే ముందు మీరే చూసుకోండి.