కాన్పు సంచిలో డ్రెస్సులు తక్కువ, గుడ్డలు ఎక్కువ

పుట్టబోయే బిడ్డకు జుబ్బలు కుట్టమని వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పేది ఆరు చాలని. నల్గొండలో ప్రకాశం బజార్ దగ్గర సందులో నాది చిన్న కుట్టుమిషన్ షాపు. డజను కుట్టమన్నవాళ్లను ఆరుకు దించితే నష్టం నాకే. కానీ ఆస్పత్రిలో ఉన్న నాలుగు రోజులు బిడ్డకు కావాల్సింది డ్రెస్సులు కాదు, మెత్తటి గుడ్డలు. బిడ్డ ఎప్పుడూ గుడ్డలో చుట్టుకునే ఉంటుంది. పాలు కక్కినప్పుడో, స్నానం చేయించినప్పుడో జుబ్బ మారుస్తారు. కింద గుడ్డ మాత్రం రాత్రీ పగలూ మారుతూనే ఉంటుంది.

కాన్పుకు దవాఖానకు పట్టుకెళ్లే సంచిలో బిడ్డకు ఏమేం ఉండాలో లెక్క ముందే చెప్పేస్తాను. ఆరు జుబ్బలు, రెండు డజన్ల లంగోటీ గుడ్డలు, చుట్టడానికి నాలుగు పెద్ద గుడ్డలు, తుడవడానికి రెండు మెత్తటి టవళ్లు, మూడు టోపీలు, రెండు జతల సాక్సులు, న్యూబార్న్ సైజు డైపర్లు చిన్న ప్యాకెట్ ఒకటి. చలికాలమైతే ముందువైపు తెరుచుకునే స్వెట్టర్ ఒకటి. వానాకాలమైతే ఉతికినవి ఆరవు కాబట్టి లంగోటీలు ఇంకో డజను. నార్మల్ కాన్పుకు సాధారణంగా రెండు రోజులు, ఆపరేషన్‌కు నాలుగైదు రోజులు ఉంచుతారు కాబట్టి ఇవి సరిపోతాయి. కవలలైతే అన్నీ రెండింతలు. ఎనిమిదో నెల దాటేసరికి సంచి సర్దేసి ఉండాలి. తొమ్మిది నిండేదాకా ఆగుతామంటే నొప్పులు ఆగవు కదా.

ఇక గుడ్డ సంగతి. దీనికి కొత్త బట్ట కొనక్కర్లేదు. ఇంట్లో అమ్మమ్మదో, అత్తమ్మదో ఏళ్ల తరబడి కట్టి ఉతికిన నారాయణపేట కాటన్ చీర ఉంటే అంతకు మించింది బజార్‌లో దొరకదు. గద్వాల చీరైతే మధ్య భాగం కాటనే కానీ అంచు, కొంగు పట్టు, జరీ. వాటిని కోసి పక్కన పెట్టాలి, జరీ పోగు బిడ్డ మెడకు తగిలితే గీసుకుంటుంది. కొందరు కాటనే అని చెప్పి సగం పాలిస్టర్ కలిసిన చీర తెస్తారు. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. కాగితంలా కాలి బూడిదైతే కాటన్. ముడుచుకుపోయి, చల్లారాక గట్టి గుండులా తగిలితే అందులో పాలిస్టర్ ఉన్నట్టే, అది చెమట పీల్చదు. ముదురు రంగు చీరైతే తడిపిన తెల్ల గుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటితే వద్దు. లేత రంగు ఇంకో విధంగా కూడా మంచిది. చీమ పట్టినా, చిన్న రక్తపు చుక్క ఉన్నా వెంటనే కనబడుతుంది.

చీర అయిదున్నర మీటర్లు, పన్నా, అంటే వెడల్పు, నలభై అయిదు అంగుళాలు అనుకుందాం. కొంగు, అంచులు తీసేశాక ఒక చీరలో మీటరు చొప్పున నాలుగు చుట్టే గుడ్డలు వస్తాయి. ఇంకో చీర మొత్తం ఇరవై అంగుళాల చదరాలుగా కోస్తే పద్దెనిమిది లంగోటీలు. తక్కువ పడ్డ వాటికి పాత పంచె ఉండనే ఉంది. మెత్తగా ఉంది కదా అని చింపేసి అలాగే వాడతారు చాలామంది. అది నాకు నచ్చదు. చింపిన అంచు నుంచి పోగులు ఊడి బిడ్డ కాలి వేలికి చుట్టుకుంటాయి, వేలు కమిలేదాకా ఎవరూ చూడరు. సన్నగా మడిచి అంచు కుట్టించండి, నాలాంటి వాళ్లెవరైనా పది నిమిషాల్లో కుట్టి ఇస్తారు. సాక్సులు కొన్నప్పుడు కూడా తిప్పి లోపల వేలాడే దారాలు కత్తిరించాకే సంచిలో పెట్టండి.

జుబ్బ విషయంలో నా పట్టుదలలు కొన్ని ఉన్నాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డ ఛాతీ చుట్టుకొలత పన్నెండు, పదమూడు అంగుళాలు. నేను జుబ్బ చుట్టు పద్దెనిమిది, పొడవు పది పెడతాను. ముందువైపు పూర్తిగా తెరుచుకోవాలి. తల మీద నుంచి తొడిగేది వద్దే వద్దు. అప్పుడే పుట్టిన బిడ్డకు మెడ నిలవదు, ఆపరేషన్ అయిన తల్లి చేతికేమో సెలైన్ సూది ఉంటుంది. హుక్కులు, పిన్నీసులు, ఇనుప బటన్లు పెట్టను. పక్కకు కట్టుకునే గుడ్డ నాడాలు రెండు, అవీ జానెడులో సగమే. మెడ దగ్గర నాడా, టోపీకి గడ్డం కింద కట్టే తాడు ఎంత ముద్దుగా ఉన్నా వద్దు. కుట్టు బయటివైపుకు వచ్చేలా కుడతాను. చూసినవాళ్లు తిరగేసి కుట్టానని నవ్వుతారు, కానీ లోపల చర్మానికి ఏదీ ఒరుసుకోదు. జుబ్బ చేతులు వదులుగా ఉండాలి, మీ రెండు వేళ్లు చేతిలో నుంచి లోపలికి దూరాలి. తొడిగేటప్పుడు బిడ్డ చెయ్యిని తోయకూడదు. మీ వేళ్లు బయటి నుంచి దూర్చి, బిడ్డ పిడికిలిని పట్టుకుని మెల్లగా బయటికి తేవాలి.

పాత బట్టలు వాడేవాళ్లు ఒక్కటి మాత్రం కచ్చితంగా చూడాలి. పెట్టెలో డాంబర్ గోళీలు, అంటే కలరా ఉండలు, వేసి దాచిన చీరలుగానీ, అక్క పిల్లలకు వాడి మూటగట్టిన జుబ్బలుగానీ బిడ్డ దగ్గరికి తేవద్దు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువ ఉంటుంది. వాళ్లకు ఆ నాఫ్తలీన్ వాసన తగిలినా ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు విపరీతంగా పెరగొచ్చు. మీ బిడ్డకు ఆ లోపం ఉందో లేదో పుట్టకముందు ఎవరు చెబుతారు? ఒకసారి ఎండలో వేశాం, వాసన పోయింది అంటే సరిపోదు. వేపాకు వేసి దాచిన చీర తీసుకోండి.

ఉతకడం మామూలే, కాకపోతే మన నీళ్ల సంగతి గుర్తుంచుకోవాలి. మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినం, సబ్బు నురగ రాదు, పట్టిన సబ్బు సరిగా వదలదు. ఆరాక గుడ్డ అట్టలా బిగుసుకుంటుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చే ఇల్లైతే అవే వాడండి. రెండుమూడు సార్లు జాడించి, మంచి ఎండలో ఆరేసి, చేతులతో నలిపి ఇస్త్రీ చేయండి. వాసన కోసం వేసే కంఫర్ట్ లాంటివి ఏవీ వద్దు. కొత్తవి కొన్నా ఉతకకుండా తొడగొద్దు, గంజి ఉంటుంది.

ఇప్పుడు సర్దడం. నా దగ్గర జుబ్బలు కుట్టించుకున్నవాళ్లకు షర్టులు పెట్టే, లోపలిది కనబడే కవర్లు కూడా ఇస్తాను. సంచి సర్దేది గర్భిణి, తెరిచేది వేరొకరు. లేబర్ రూమ్ తలుపు సగం తెరిచి ఆయమ్మ "పేషెంట్ తాలూకు ఎవరు? బట్టలియ్యండి" అని అరిచినప్పుడు అక్కడ ఉండేది భర్తో, మామయ్యో. ఆ టెన్షన్‌లో సంచి మొత్తం బెంచీ మీద గుమ్మరిస్తారు. అందుకే ఒక కవర్ మీద 'లేబర్ రూమ్' అని పెద్దగా రాసి, అందులో రెండు టవళ్లు, ఒక టోపీ, ఒక జుబ్బ, ఒక లంగోటీ, ఒక చుట్టే గుడ్డ పెట్టండి. టవళ్లు రెండెందుకంటే, పుట్టగానే బిడ్డను ఒకదానితో తుడుస్తారు, అది తడిసిపోతుంది. ఆ తడి గుడ్డ పక్కన పడేసి పొడిదాంట్లోకి తీసుకోవాలి. తడి ఒంటి మీద ఉంటే బిడ్డ త్వరగా చల్లబడుతుంది. తర్వాత తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు ఆనించి పడుకోబెట్టి, పైన గుడ్డ, తలకు టోపీ పెడతారు. అప్పుడు జుబ్బ కూడా అక్కర్లేదు. మిగతా కవర్లలో జుబ్బ, నాలుగు లంగోటీలు కలిపి సెట్టు సెట్టుగా పెడితే రాత్రి రెండింటికి నిద్రమత్తులో కూడా చేతికి దొరుకుతాయి.

సర్కారు దవాఖానలో కిట్ ఇస్తారు కదా అని కాన్పుకు ఉత్తచేతులతో వచ్చేవాళ్లూ ఉంటారు. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో బిడ్డకు డ్రెస్సులు, టవల్, దోమతెర, సబ్బు, నూనె అన్నీ ఉండేవి, పనికొచ్చేవే. కానీ అది కాన్పయ్యాక చేతికొచ్చేది. మొదటి గంటకు కావాల్సింది మీ సంచిలోనే ఉండాలి.

నల్గొండలో మే నెలంటే 44, 45 డిగ్రీలు. ఆ ఎండల్లో పుట్టిన బిడ్డకు ఉలెన్ టోపీ, స్వెట్టర్, పైన దుప్పటి చుట్టిన పెద్దమ్మలను నేను చూశాను. పెద్దవాళ్లం మనం ఎన్ని వేసుకుంటే బిడ్డకు అంతకంటే ఒకటి ఎక్కువ, అంతే. ఏసీ గదైతే ఆ ఒకటి తప్పనిసరి. చెయ్యి పెట్టి చూడాల్సింది అరచేతులు కాదు, పొట్ట, పాదాలు. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే ఇంకో గుడ్డ చుట్టాలి. రెండూ చల్లగా ఉంటే బట్టల కోసం వెతక్కుండా సిస్టర్‌ను పిలవాలి. మెడ వెనక చెమట పడితే ఒకటి తీసేయాలి. స్వెట్టర్ ఎప్పుడూ జుబ్బ మీదే, ఒంటి మీద నేరుగా కాదు. చుట్టేటప్పుడు కాళ్లు సాగదీసి బిగించి కట్టే అలవాటు మానుకోవాలి. కాళ్లు సహజంగా మడుచుకునే ఉంటాయి, అలాగే వదులుగా ఉండనివ్వాలి. బిగించి కడితే తుంటి కీలు దెబ్బతినొచ్చు.

మొదటి రెండు రోజులు వచ్చే విరేచనం నల్లగా తారులా జిగురుగా ఉంటుంది, ఆ మరక పోదు. పాత గుడ్డలైతే పోయేదేమీ లేదు. ముందే కొంచెం కొబ్బరినూనె రాస్తే తుడవడం తేలిక. డైపర్ రాత్రికీ, ఇంటికి వెళ్లే దారికీ ఉంచుకోండి. కామెర్లని లైట్ కింద పెడితే బిడ్డ ఒంటి మీద డైపర్ ఒక్కటే ఉంచి, కళ్లకు కట్టు కడతారు. లంగోటీ అయినా డైపర్ అయినా బొడ్డు కిందికి మడవాలి, బొడ్డు ఊడేదాకా అక్కడ తడి, నూనె, పౌడర్ ఏదీ తగలకూడదు.

పుట్టకముందు కొత్త బట్టలు కొనొద్దని మన ఇళ్లలో అంటారు. దాని మీద నేను ఎవరితోనూ వాదించను, ఎందుకంటే ఆ పట్టింపు వల్లే పాత మెత్తటి గుడ్డలు బయటికి వస్తాయి. నాకు కోపం తెప్పించేది ఆ అట్టపెట్టె గిఫ్ట్ సెట్లు. పైకి పది రకాలు కనిపిస్తాయి, చేతిలోకి తీసుకుంటే గరుకు, బొమ్మ వెనక ప్లాస్టిక్ పూత. ఫొటో కోసం నెట్ ఫ్రాక్ కావాలంటే తొట్టెల వేడుకకు వేయండి, ఆస్పత్రిలో వద్దు.

తల్లికి ఒక మాట. పుస్తెలతాడుకు పిన్నీసులు గుచ్చుకునే అలవాటు మనకు బాగా ఉంది. దవాఖానకు వెళ్లేముందే అవి తీసి ఇంట్లో పెట్టండి. పాలిచ్చేటప్పుడు గుచ్చుకునేది బిడ్డ బుగ్గకే.

డిశ్చార్జి రోజు తల్లీబిడ్డలను ఇంటికి దింపే 102 అమ్మ ఒడి బండిలో వెళ్లినా, ఆటోలో వెళ్లినా చెవులు మూసే టోపీ, జుబ్బ మీద రెండు గుడ్డలు చాలు, ముక్కు, నోరు మాత్రం కప్పకూడదు. మాసిన గుడ్డలకు ఒక పాత ప్లాస్టిక్ సంచి విడిగా పెట్టుకోండి. ఇంకా ఆరు జుబ్బలు కావాలంటే మిగిలిన చీర ముక్క దాచి, ఇరవై ఒకటో రోజు దాటాక రండి. కొందరు రెండున్నర కిలోలకు పుడతారు, కొందరు మూడున్నరకు. అప్పటికి బిడ్డ ఎంతుందో టేపు పెట్టి చూసే కుడతాను.