థైరాయిడ్ ఉన్న పిల్లలు లావైతున్నరా? ముందు గోలీ ఏసే టైం చూడండి

సమస్య: రోజూ థైరాయిడ్ గోలీ ఏస్తనే ఉన్నం, అయినా టీఎస్‌హెచ్ (రక్తపరీక్షల వచ్చే థైరాయిడ్ లెక్క, థైరాయిడ్ తక్కువైతే ఇది పెరుగుతది) దిగుతలేదు, పాప లావైతాంది.

హన్మకొండల స్కూల్ బస్సు ఏడున్నరకే వస్తది, ఆ గడబిడల గోలీ నోట్లె పెట్టి వెంటనే పాల గ్లాస్ చేతికిస్తరు, చాలా ఇండ్లల్ల జరిగేది ఇదే. పాలల్ల ఉన్న కాల్షియం మందును ఒంటికి పట్టనీయదు. పరగడుపున ఉత్త నీళ్లతోని ఏసి, అరగంట నుంచి గంట ఆగినంకనే పాలు, టిఫిన్. ఐరన్ టానిక్, కాల్షియం సిరప్ వాడుతుంటే 4 గంటల ఎడం ఉండాలె, మీల్‌మేకర్ కూర గూడ పొద్దుగాల వద్దు. చిన్న పిల్లలకైతే చెంచాడు నీళ్లల్ల నూరి అప్పటికప్పుడు తాపండి, పాలసీసల మాత్రం కలపొద్దు. డోసు మార్చినంక టెస్ట్ మామూలుగా 6 నుంచి 8 వారాలకు, అంతకంటే ముందు చేయిస్తే సరైన లెక్క తెల్వకపోవచ్చు, చంటిపిల్లలకైతే ఇంకా ముందే చేయాల్సి వస్తది, డాక్టర్ చెప్పిన టైంకే చేయించండి.

సమస్య: రిపోర్ట్ నార్మల్, బరువు మాత్రం ఆగుతలేదు.

ఇగ థైరాయిడ్ మీద నెట్టుడు ఆపాలె. థైరాయిడ్ తక్కువైతే పెరిగే బరువు మామూలుగా కొంచమే, పిల్లలల్ల అసలు గుర్తు ఎత్తు ఆగిపోవుడు. పోయినేడు కుట్టించిన యూనిఫాం ప్యాంటు నడుం దగ్గర బిగుతై, పొడుగు మాత్రం అట్లనే సరిపోతాందంటే వెంటనే డాక్టర్‌కు చూపించి ఎత్తు చార్ట్ రాయించండి. ఎత్తు మంచిగనే పెరుగుతాంటే తిండి, ఆటలు చూసుకోవాలె. సాయంత్రం బడి నుంచి రాంగనే సకినాల డబ్బా, చిప్స్, కూల్‌డ్రింక్ కాకుండా బొబ్బర్ల గుడాలో, జామకాయో పెట్టండి, తిన్నంక గంటసేపు బయట ఆడనీయండి.

అన్నం పూర్తిగా బంద్ చేసుడు, ఉపవాసాలు, యూట్యూబ్ డైట్లు పెరిగే పిల్లలకు దయచేసి వద్దు. ఒక పూట జొన్న రొట్టె పెట్టి అన్నం కొంచెం తగ్గించి, పప్పు, గుడ్డు, ఆకుకూర పెంచితే చాలు. చాలామంది పిల్లలకు బరువు ఉన్నకాడ ఆగినా సరే, ఎత్తు పెరిగినకొద్ది అదే సర్దుకుంటది.

సమస్య: క్యాబేజీ, గోబీ పెట్టొద్దంటున్నరు.

ఉడికించి మామూలుగ తింటే ఏం గాదు. మంచిదని సైంధవ లవణం ఒక్కటే వాడుతుంటే మాత్రం ఆలోచించండి, దాంట్ల సరిపోను అయోడిన్ ఉండది, అయోడైజ్డ్ ఉప్పే వాడండి. అట్లని అయోడిన్ గోలీలు సొంతంగ తెచ్చి ఏయొద్దు.

ఇంకోటి, బరువు తగ్గుతదని డోసు మీరే పెంచొద్దు, ఎక్కువైతే గుండె దడ, నిద్ర పట్టకపోవుడు, చదువు మీద ధ్యాస నిలవకపోవుడు మొదలైతయి.