మాను కూలిన చోట మొక్కలు ఎందుకు లేవడం లేదు?

గాలివానకు ఓ పెద్ద మాను కూలితే కొమ్మల పందిరికి చిల్లు పడుతుంది. ఇన్నాళ్లూ నీడలో మగ్గిన మొక్కలకు ఎండ తగిలింది కదా, ఇక అవే లేస్తాయి అనుకుంటాం. టేకు, నల్లమద్ది, వేగిస, చిరిమాను కలిసి పెరిగే నల్లమల లాంటి మిశ్రమ అడవుల్లో అంత తేలిగ్గా జరగదు. అందరూ పైకి చూసి వెలుగు చాలలేదంటారు. నేనైతే ముందు నేల చూడమంటాను. రిజర్వ్ అడవి అయితే మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా కత్తి పట్టొద్దు.

ఖాళీ పడగానే ఆకులు తెల్లబడి, అంచులు మాడుతున్నాయి

తెగులు కాదు, మందు కొట్టకండి. నీడలో పుట్టిన ఆకు పలచన. నడినెత్తి ఎండ ఒక్కసారిగా పడితే తట్టుకోలేదు. తర్వాత వచ్చే చిగురు మందంగా, ఎండకు తగ్గట్టు వస్తుంది. అందాకా ఆగాలి. అనుమానముంటే కాండాన్ని గోటితో గీరండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉన్నట్టు. కూలిన కొమ్మల్ని వెంటనే ఎత్తేయకండి. కాస్త నీడా ఇస్తాయి, పశువులనూ ఆపుతాయి. సంక్రాంతి దాటాక మాత్రం దూరంగా జరపాలి, లేకపోతే అవే నిప్పుకు మేత.

వానలకు లేస్తుంది, ఎండలకు చస్తుంది, ఏటా ఇదే తంతు

ఎక్కువ మంది టెన్షన్ పడేది దీనికే. నిజానికి చచ్చేది పైభాగమే. టేకు, నల్లమద్ది, వేగిస మొక్కలకు ఇది అలవాటు. కొమ్మ ఎండిపోయినా వేరు నిలుస్తుంది. తొలకరికి మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఇలా కొన్నేళ్లు గడిచేసరికి వేరు ముల్లంగిలా లావెక్కుతుంది. అందులో నిల్వ చాలినంత చేరాక, వెలుగు కూడా దొరికితే, ఆ ఏడాది లేచిన కొమ్మ ఇక వెనక్కి తగ్గదు. అందుకే ఎత్తు చూసి వయసు కట్టొద్దు. మోకాలెత్తు మొక్కకు పదేళ్లు ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఒక మొక్క పక్కన తవ్వి చూడండి. వేరు పెన్సిలంత ఉంటే కాపాడుతూ ఆగడమే పని. ఏటా నిప్పు తగిలినా, మేకలు కొరికినా ఈ ఎదురుచూపు ఇంకా సాగుతుంది. వేసవికి ముందే చుట్టూ ఆకులు ఊడ్చి, నిప్పు దాటి రాకుండా ఖాళీ బాట (నిప్పుబాట) తీయాలి. వేరు బొటనవేలంత ఉండి, పైన కొమ్మ వంకరపోతే, తొలకరికి ముందు పదునైన కత్తితో నేలమట్టానికి నరకండి. గుంపుగా లేచిన పిలకల్లో నిటారైనదాన్ని ఒక్కటే ఉంచండి. చేతులు రావు, తెలుసు. అయినా నరకాల్సిందే.

ఎండ బాగానే ఉంది, అంచున ఉన్నవే వాడుతున్నాయి

వానలు ఆగిన రెండు మూడు వారాలకు ఖాళీ నడుమ జానెడు, అంచున జానెడు తవ్వి మట్టి పిసికి చూడండి. అంచున పొడిగా, పీచు వేళ్లతో నిండి ఉంటే నీళ్లు తాగేస్తున్నది చుట్టూ ఉన్న పెద్ద చెట్లే. ఆ వేళ్లు నరికితే పెద్ద చెట్టుకు దెబ్బ. మీ శ్రమంతా నడుమ ఉన్న మొక్కల మీదే పెట్టండి. వాలు నేలైతే ఒక్కోదానికి దిగువన అర్ధచంద్రాకారంలో గట్టు వేయండి. ఇంకో సంగతి: చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కాబట్టి ఉత్తరపు అంచు త్వరగా ఎండిపోతుంది.

సన్నగా సాగి, ఒక పక్కకు వాలుతున్నాయి

ఇక్కడ తప్పు నిజంగా వెలుగుదే. పై ఆకులు ఎరుపు వెలుగును వాడేసుకుంటాయి, దాంతో కింది మొక్క లావెక్కడం మాని పొడవు సాగుతుంది. ఖాళీ వెడల్పు చుట్టూ చెట్ల ఎత్తులో సగం కూడా లేకపోతే (ఇది నా కొలత) పక్క కొమ్మలు దాన్ని త్వరలోనే మూసేస్తాయి. ఖాళీ మీదికి వాలిన కొమ్మల్ని కొద్దికొద్దిగా తీయించండి.

అంతా లాంటానాయే

ఈ కలుపు పొదను పైపైన నరికితే రెట్టింపు లేస్తుంది. మొదలుకు రెండు వేళ్ల లోతున వేరు తెంపి, మొక్కను పీకి తలకిందులుగా పెట్టాలి. కాయ పండకముందే చేయాలి. పిట్టలు మళ్లీ విత్తనం తెస్తాయి, మరుసటి ఏడూ తిరగాల్సిందే.

అసలేమీ మొలవడం లేదు

దగ్గర్లో తల్లి చెట్టు ఉందా? చిరిమాను విత్తనం రాశిగా రాలినా మొలిచేది బహు తక్కువ. మొలిచినవన్నీ తునికి (బీడీ ఆకు చెట్టు) మొక్కలే అయితే అవి విత్తనం నుంచి కాదు, వేరు పిలకలు అయ్యుంటాయి. రెండు వానాకాలాలు చూసి, అప్పటికీ మొలకలు లేకపోతే నారు తెచ్చి నాటండి.