పాత నక్షాలో మీ ఊరి నీళ్ళ జాడ

కడప జిల్లాలో గ్రామ సర్వేయరుగా పనిచేస్తున్నా. గట్టు తగాదా వస్తే తప్ప గ్రామ నక్షా, అంటే ఊరి పొలాల సర్వే పటం, చూపించమని ఎవరూ అడగరు. ఊరి పాత సంగతులు తెలుసుకోవాలంటే ముందు విప్పాల్సింది దాన్నే.

ఇప్పటి నక్షా మీభూమి సైట్లో దొరుకుతుంది. పాతదాని నకలు కోసం తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టండి. దాని మీద మైలుకు 16 అంగుళాలని ఉంటే, ఒక్కో అంగుళం నేల మీద 330 అడుగులు. అంటే 5 సర్వే గొలుసులు.

మొదట ఇళ్ళ జోలికి పోవద్దు, నీళ్ళు చూడండి. చెరువు, కుంట, వంక పోరంబోకు సర్వే నంబర్లన్నిటికీ నీలం పెన్సిలు పూయండి. కట్ట ఏ వైపుంది, మరవ (చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోటు) నీళ్ళు ఏ వంకలో కలుస్తాయి, తూము కింద మళ్ళు ఎంతదూరం పోయినాయి? మెట్ట చేలు పెద్ద ముక్కలుగా, తరి (నీళ్ళు పారే) మళ్ళు చిన్నచిన్నవిగా ఉంటాయి. ఇప్పుడు వానను నమ్ముకుని శనగ వేసే చోట నక్షాలో చిన్న మళ్ళు కనిపిస్తే, ఎగువన పూడిపోయిన కుంట ఉందేమో వెతకండి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ అదే.

నంబరు తెలిసినాక రీసెటిల్మెంటు రిజిస్టరు, అంటే నంబరు వారీగా భూమి వివరాలు రాసిన పాత రిజిస్టరు, తీయించండి. కుమ్మరి మాన్యం, దేవుడి మాన్యం లాంటివి అందులో తగులుతాయి. దసబంధం అని ఉంటే వదలొద్దు. చెరువు తవ్వించినోళ్ళకు, దాన్ని బాగుచేస్తూ ఉండేటోళ్ళకు ఇచ్చిన ఇనాం అది. 1858లో పెట్టిన ఇనాం కమిషన్ రాయించిన రిజిస్టర్లలో ఆ మాన్యాల వివరాలు వెతకొచ్చు. మీ ఊరి కైఫీయత్తు (ఊరి చరిత్ర రాసిపెట్టిన పాత రాత) ఉందేమో కడప సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో అడగండి.

మైలవరం, గండికోట జలాశయాల్లో ఊరు మునిగినోళ్ళకు ఇంకో దారి ఉంది. 1950ల నాటి అమెరికా సైనిక పటాలు టెక్సాస్ విశ్వవిద్యాలయం సైట్లో ఉచితంగా ఉన్నాయి. వాటిలో అంగుళానికి దాదాపు 4 మైళ్ళు కాబట్టి చేలు కనపడవు. ఊర్లు, బాటలు, పెన్న ఒంపులు చూసుకోవచ్చు.

తర్వాత నక్షా చేతబట్టి నడవండి. గొర్లు మేపిన పెద్దాయన్నొకర్ని వెంట రమ్మనండి. “అబ్బా, ఈ చేన్ని ఏమనేటోళ్ళు?” అని ప్రతి గట్టు దగ్గరా అడిగి, ఆయన చెప్పిన పేరును నంబరు పక్కనే రాసుకోండి. ఆ పేర్లు ఏ రిజిస్టర్లోనూ ఉండవు.

నంబరు, విస్తీర్ణం, పేరు ఒకే కాగితం మీదికి ఎక్కించి, ఒక ప్రతి పంచాయతీకి, ఇంకోటి బడికి ఇవ్వండి. చెరువు పోరంబోకులో ఎవరైనా సేద్యం చేస్తుంటే ఆ నంబరు కింద గీత గీయండి.