చిరునవ్వు డిజైన్, 3వ పాఠం: ఫొటో మీద కొలతలు

గత పాఠంలో మూడు ఫొటోలు తీయమన్నాను: నవ్వుతున్న ముఖం, పెదవులు వదులుగా వదిలేసిన ముఖం, రిట్రాక్టర్ (పెదవులని పక్కకి లాగి పట్టే సాధనం) పెట్టి పళ్లు మాత్రమే. పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు చిన్న డెంటల్ క్లినిక్ నడిపేవాళ్లు నోటిని స్కాన్ చేసే స్కానర్ లేదని ఆగనక్కర్లేదు. ముఖం ఫొటో మీద గీతలు గీసి, కొలిచి, పళ్ల ఆకారం నిర్ణయించే ఈ పద్ధతిని బ్రెజిల్ డెంటిస్టు క్రిస్టియన్ కోచ్‌మన్ ప్రచారంలోకి తెచ్చింది కీనోట్ లాంటి మామూలు స్లైడ్ సాఫ్ట్‌వేర్‌తోనే.

ఫోన్‌ని ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు, ముందు పళ్లు ఉన్నదానికన్నా పెద్దగా పడతాయి. ఆ ఫొటో మీద ఎంత శ్రద్ధగా గీసినా ప్రయోజనం లేదు, మళ్లీ తీయండి. ఒకటిన్నర మీటరు దూరం జరగండి, జూమ్ వాడండి, ఫోన్ ముఖం ఎత్తులోనే ఉండాలి.

ఇప్పుడు స్లైడ్‌లో నవ్వు ఫొటో పెట్టి, కంటిపాపల మీదుగా ఒక అడ్డగీత గీసి, అది సమంగా వచ్చేదాకా ఫొటో తిప్పండి. నిలువుగీత కనుబొమల మధ్య నుంచి పైపెదవి గుంట మీదుగా దిగాలి. ముక్కు కొనని నమ్మకండి, చాలామందికి అది పక్కకి ఉంటుంది. రిట్రాక్టర్ ఫొటోని నవ్వు ఫొటో మీద పరిచి, పళ్లు కలిసేదాకా సైజు సరిచేయండి.

అసలు పని స్కేలుది. పళ్ల అచ్చు తీసి పోసిన ప్లాస్టర్ మోడల్ మీద పైవరస మధ్య పన్ను వెడల్పుని వెర్నియర్‌తో కొలవండి. 8.5 మి.మీ. వచ్చిందనుకుందాం. స్లైడ్‌లో అదే పన్ను 34 మి.మీ. ఉంటే ఫొటో నాలుగు రెట్లు పెద్దదన్నమాట. స్లైడ్‌లో పొడవు 40 ఉంటే అసలు పొడవు 10. వెడల్పుని పొడవుతో భాగిస్తే 85 శాతం, అంటే పన్ను కాస్త చతురస్రంగా ఉంది. 75 నుంచి 80 మధ్య ఉంటే కంటికి బాగుంటుంది. 80 కావాలంటే పొడవు 10.6 ఉండాలి, అంటే 0.6 పెంచాలి.

పెంచేది పన్ను కొన వైపా, చిగుళ్ల వైపా? ఇది లెక్క చెప్పదు. పెదవులు వదులుగా ఉన్న ఫొటో తెరవండి. వయసులో ఉన్నవాళ్లకి పైపళ్లు రెండు మూడు మి.మీ. కనిపిస్తాయి, వయసు పెరిగేకొద్దీ తగ్గుతాయి. పాతికేళ్ల అమ్మాయికి అసలు కనిపించకపోతే కొన వైపే పెంచండి. ఇప్పటికే బాగా కనిపిస్తుంటే చిగుళ్ల సంగతి చూడాలి, అక్కడ ఎక్స్‌రే లేకుండా తొందరపడకండి.

కొన పెంచాక మాట పరీక్ష ఉంది. 'ఫోన్', 'కాఫీ' అనమంటే పైపన్ను కొన కింది పెదవిని తేలిగ్గా తాకాలి. మన వైపు ఒక చిక్కుంది: ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లలో కొందరు 'ఫ'ని రెండు పెదవులూ కలిపి పలుకుతారు. అప్పుడు ఈ పరీక్ష ఏమీ చెప్పదు. వాళ్ల చేత కాసేపు మామూలుగా మాట్లాడించి వీడియో తీసి చూడండి.

వచ్చే పాఠం మాక్-అప్ మీద, అంటే కొత్త ఆకారాన్ని నోట్లో తాత్కాలికంగా పెట్టి చూసే నమూనా మీద. ఆలోపు పేషెంటుని వెతక్కండి, ఇంట్లోవాళ్ల ఫొటో ఒకటి తీసి, మోడల్ ఒకటి పోసి, ఈ లెక్క కట్టి చూడండి.