విమానంలో రోగి తరలింపు: గాలి ఒత్తిడి తగ్గితే ఏమవుతుంది, ముందే ఏం చేయాలి

విమానం 35,000 అడుగుల్లో ఎగురుతున్నా లోపల ఒత్తిడి సాధారణంగా 6,000–8,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉంటుంది. సముద్రమట్టంలో 760 మిల్లీమీటర్ల పాదరసం ఉండే పీడనం 8,000 అడుగుల దగ్గర 565కి తగ్గుతుంది. ఒంట్లోనో పరికరాల్లోనో చిక్కుకున్న గాలి దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. పీల్చే గాలిలో ఆక్సిజన్ పీడనం కూడా దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది.

ముందు ఛాతీ ఎక్స్‌రే చూడండి. న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) చిన్నదే అయినా, ముఖ్యంగా రోగి వెంటిలేటర్ మీదుంటే, డ్రెయిన్ (ఆ గాలిని బయటికి పంపే గొట్టం) వేశాకే ఎక్కించడం మేలు. డ్రెయిన్‌కు క్లాంపు వేసి మాత్రం తీసుకెళ్లకండి. ఉబ్బిన గాలికి దారి లేక ఊపిరితిత్తినీ గుండెనూ నొక్కేస్తుంది. డ్రెయిన్‌కు తగిలించే నీటి సీసా ఒరిగిపోయే చోట హైమ్లిక్ వాల్వు (గాలిని ఒకవైపే వదిలే కవాటం) నయం, అయితే తిరగేసి తగిలిస్తే గాలి బయటికి పోదు.

ఎక్కువగా మరిచిపోయేది శ్వాసనాళపు ట్యూబు కఫ్ (ట్యూబు చుట్టూ గాలి నింపే చిన్న తిత్తి). అందులో 20–30 సెంటీమీటర్ల నీటి పీడనం ఉండాలి. పైకి వెళ్లేకొద్దీ అది పెరిగి నాళం గోడకు రక్తం అందకుండా చేస్తుంది. అప్పుడు గాలి తీసేసినవాళ్లు దిగేటప్పుడు మళ్లీ నింపకపోతే లీకు మొదలవుతుంది. దాని బయటి బెలూన్‌ను వేళ్లతో నొక్కి అంచనా వేయొద్దు. ఎక్కేటప్పుడు, స్థిరపడ్డాక, దిగేటప్పుడు, దిగాక మానోమీటర్‌తోనే (పీడనం కొలిచే పరికరం) చూడాలి.

ఆక్సిజన్‌కు స్థూలమైన లెక్క ఒకటుంది: సముద్రమట్టంలో ఇస్తున్న శాతాన్ని 760తో గుణించి, క్యాబిన్ పీడనంతో భాగించాలి. 40 శాతం ఇస్తుంటే 8,000 అడుగుల దగ్గర సుమారు 54 కావాలి. 80 ఇస్తుంటే లెక్క 100 దాటిపోతుంది, అంటే క్యాబిన్ ఒత్తిడినే పెంచమని అడగాలి. అందుకోసం విమానం కిందుగా ఎగరాలి, ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, దారిలో ఆగాల్సి రావచ్చు. అందుకే ఈ మాట పైలట్‌తో ప్రయాణం ఖరారు చేసేటప్పుడే మాట్లాడాలి. డైవింగ్ తర్వాత డీకంప్రెషన్ జబ్బు (ఒత్తిడి తగ్గి ఒంట్లో గ్యాస్ బుడగలు ఏర్పడడం) వచ్చినవారికీ, తలలో గాలి చిక్కుకున్నవారికీ ఇదే అడగాలి. కంటి ఆపరేషన్‌లో గ్యాస్ బుడగ పెట్టి ఉంటే, అది పూర్తిగా కరిగేదాకా ప్రయాణం వాయిదా వేయడమే మంచిది.

హెలికాప్టర్లలో సాధారణంగా క్యాబిన్ ఒత్తిడి నియంత్రణ ఉండదు, ఎగిరే ఎత్తే లెక్క.

ముక్కు ద్వారా పొట్టలోకి వేసిన ట్యూబును తెరిచే ఉంచండి. సెలైన్‌కు గాజు సీసా బదులు మెత్తటి సంచి, పంపు వాడండి. వాక్యూమ్ పరుపు (గాలి లాగేస్తే గట్టిపడి రోగిని కదలకుండా పట్టి ఉంచేది) ఎత్తులో మెత్తబడుతుంది, మళ్లీ గాలి లాగాలి. విరిగిన చేయి, కాలికి కట్టే గాలి నింపిన స్ప్లింట్ అయితే బిగుసుకుంటుంది, వేళ్లలో రక్తప్రసరణ చూస్తుండాలి. దిగేటప్పుడు మెలకువగా ఉన్నవారిని గుటకలు వేయమనండి, పసిపిల్లలకు పాలో పాలపీకో ఇవ్వండి.