ఎలక్ట్రిక్ కారులో అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్‌ను మీ డ్రైవింగ్‌కు తగ్గట్టు ఎలా కుదుర్చుకోవాలి?

ఎలక్ట్రిక్ కార్లు నడిపేవాళ్ల మధ్య, ముందున్న బండిని బట్టి కారు వేగాన్ని తనే సర్దుకునే అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ మాట ఎత్తితే చాలు, రెండు జట్లు తయారవుతాయి. అది లేని కారు ఇక కొననే కొనను అని ఒకరంటారు. ఖాళీ రోడ్డు మీద ఉన్నట్టుండి బ్రేకు వేసి గుండె ఆగినంత పని చేసింది, ఆ తర్వాత ఆ బటన్ జోలికే పోలేదు అని ఇంకొకరంటారు. చార్జింగ్ ఆదా అవుతుందని ఒక వాదన, ఉన్న చార్జింగ్ కూడా తగలేస్తుందని ఇంకో వాదన. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే వాళ్లవి వేరు వేరు కార్లు, వేరు వేరు సెట్టింగులు, వేరు వేరు రోడ్లు. కుడికాలి మీద పెత్తనం కారుకు అప్పజెప్పడం కొందరికి హాయి, కొందరికి టెన్షన్. కాబట్టి ఎవరి మాటో పట్టుకుని తేల్చేసుకోకుండా, మీ కారులో మీరే దశలవారీగా సరిచూసుకోండి.

1. ముందు మీ కారులో ఉన్నదేమిటో తెలుసుకోండి

మామూలు క్రూయిజ్ కంట్రోల్ మీరు పెట్టిన వేగాన్ని నిలబెడుతుంది, అంతే. ముందు కారు ఉందా లేదా అన్నది దానికి పట్టదు. అడాప్టివ్ రకం ముందున్న బండిని చూసి వేగం తగ్గిస్తుంది, దారి ఖాళీ అయితే పెంచుతుంది. దీనికి తోడు లేన్ మధ్యలో ఉంచేలా స్టీరింగ్‌ను కూడా తిప్పే వ్యవస్థ మూడోది. చాలా వాదనలు ఈ మూడింటినీ కలిపేయడం వల్లే పుడతాయి. స్టీరింగ్ తనంతట తాను లాగుతోందని విసుక్కునే డ్రైవర్ నిజానికి తిడుతున్నది క్రూయిజ్‌ను కాదు, లేన్ అసిస్ట్‌ను. చాలా కార్లలో ఒకటి ఆపేసి ఇంకొకటి వాడుకోవచ్చు.

మాన్యువల్ మొత్తం చదివే ఓపిక లేకపోయినా ఫర్వాలేదు. ఈ మూడు సంగతులు మాత్రం వెతికి చూడండి. కారు పూర్తిగా ఆగేదాకా పనిచేస్తుందా, లేక ఒక వేగం కిందికి రాగానే చేతులెత్తేస్తుందా? ఆగాక తనంతట తానే కదులుతుందా, మీరు బటన్ నొక్కాలా? రోడ్డు మీద ఆగి ఉన్న బండిని గుర్తిస్తుందా? 1999లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో రాడార్‌తో పనిచేసే డిస్ట్రానిక్ అనే అడాప్టివ్ క్రూయిజ్ వచ్చినప్పుడు అది తక్కువ వేగాల్లో పనికొచ్చేది కాదు. ఇప్పటి ఎలక్ట్రిక్ కార్లలో ఎక్కువ భాగం ట్రాఫిక్‌లో ఆగి, మళ్లీ కదలగలవు. అయినా ఊహించుకోకుండా మీ కారు సంగతి చూసుకోవడమే మంచిది.

2. అది ఎక్కడ పొరబడుతుందో ముందే తెలుసుకోండి

మూడో ప్రశ్న ప్రాణాలతో ముడిపడినది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. రాడార్ పంపిన తరంగాలు ఎదుటి వస్తువుకు తగిలి వెనక్కి వస్తాయి. వాటిని బట్టి ఆ వస్తువు ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో కదులుతోందో తెలుస్తుంది. అయితే వంతెనలు, బోర్డులు, రోడ్డు పక్క ఇనుప కంచెల నుంచి కూడా తరంగాలు తిరిగి వస్తాయి. ప్రతిదానికీ బ్రేకు వేస్తూ పోతే కారు నడవదు. అందుకే కదలకుండా ఉన్నవాటిని చాలావరకు పట్టించుకోకుండా రాడార్ వ్యవస్థలను తయారు చేశారు. దాని ఫలితం ఏమిటంటే, హైవే మీద వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగా ఆగి ఉన్న లారీని కారు వదిలేసే అవకాశం ఉంది. కెమెరా తోడయ్యాక ఇది మెరుగైంది గానీ, ఆగి ఉన్న వాహనాల విషయంలో నమ్ముకోవద్దన్న హెచ్చరిక మాన్యువళ్లలో నేటికీ ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు సమస్య ఊరికే బ్రేకు పడటం. పైన వంతెన నీడ, మలుపులో పక్క లేన్ లారీ, ఎదురెండ ఇలా ఏదో ఒకటి చూసి అడ్డం ఉందనుకుని కారు వేగం తగ్గించేస్తుంది. 2021లో టెస్లా అమెరికాలో మోడల్ 3, మోడల్ వై కార్లలో రాడార్ తీసేసి కెమెరాలనే నమ్ముకుంది. 2022 ఫిబ్రవరిలో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, ఈ అకారణ బ్రేకింగ్ మీద 354 ఫిర్యాదులు వచ్చాయంటూ 2021, 2022 మోడల్ కార్ల మీద విచారణ మొదలుపెట్టింది. ఆగి ఉన్నవాటికి ఎక్కువగా స్పందిస్తే ఊరికే బ్రేకు, తక్కువగా స్పందిస్తే అసలుకే మోసం. ఏ కంపెనీ అయినా ఈ రెండింటి మధ్యే ఎక్కడో ఒక గీత గీసుకుంటుంది. ఆ గీత అందరికీ ఒకేలా నచ్చదు.

ఇంకొకటి. క్రూయిజ్ వేసే బ్రేకుకు హద్దు ఉంది. దీనికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15622 ఉంది. దాని ప్రకారం హైవే వేగాల్లో అది మహా అయితే సెకనుకు 12, 13 కిలోమీటర్ల చొప్పున వేగం తగ్గిస్తుంది. పొడి రోడ్డు మీద మీరు బ్రేకు బలంగా తొక్కితే దానికి రెట్టింపు పైనే తగ్గుతుంది. అత్యవసర ఆటోమేటిక్ బ్రేకింగ్ అనేది వేరే వ్యవస్థ. దాన్ని చూసుకుని క్రూయిజ్ మీద భారం వేయకండి.

3. క్రూయిజ్ తీసేసే పద్ధతి ముందు నేర్చుకోండి

పెట్రోల్ కారు నుంచి వచ్చినవాళ్లు మొదటి రోజుల్లో ఇక్కడే కంగారు పడతారు. పెట్రోల్ కారులో క్రూయిజ్ తీసేస్తే బండి మెల్లగా దొర్లుతూ పోతుంది. ఎలక్ట్రిక్ కారులో రీజెన్ (కాలు తీయగానే వేగం తగ్గిస్తూ ఆ శక్తిని బ్యాటరీకి తిరిగి పంపే ఏర్పాటు) గట్టిగా పెట్టుకుని ఉంటే, క్యాన్సిల్ బటన్ నొక్కిన మరుక్షణం మోటారు జనరేటర్‌గా మారి బండిని వెనక్కి లాగినట్టు ఆపబోతుంది. మీ కాలు పెడల్ మీద లేదు కాబట్టి కారు లెక్కలో మీరు ఆగమన్నట్టే. వేగం బాగా పడిపోతుంటే బ్రేకు లైట్లు కూడా వెలుగుతాయి. వెనకాల వచ్చే అతను మీకేమైందో అనుకుంటాడు.

అందుకని ఈ క్రమం అలవాటు చేసుకోండి. ముందు కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి, ఆ వేగానికి సరిపడా కొద్దిగా నొక్కండి. తర్వాత చేత్తో క్రూయిజ్ తీసేయండి. ఆపైన మెల్లగా కాలు సడలించండి. రీజెన్ స్థాయి మార్చుకునే వీలుంటే, నేర్చుకునే రోజుల్లో తక్కువలో పెట్టుకోవడం మేలు.

దీనికి తోడు ఒక హెచ్చరిక. క్రూయిజ్ నడుస్తుండగా యాక్సిలరేటర్ తొక్కితే చాలా కార్లు ముందు బండిని చూసినా బ్రేకు వేయవు, ఎందుకంటే మీరే వెళ్లమంటున్నారని అర్థం చేసుకుంటాయి. కొందరు కాలు అలవాటుగా పెడల్ మీదే ఆనించి ఉంచి, కారు ఆగలేదని ఫిర్యాదు చేస్తారు. క్రూయిజ్ నడిచేటప్పుడు కాలు బ్రేకు దగ్గర ఉండాలి.

4. గ్యాప్ సరిచేయండి

మెచ్చుకునేవాళ్లకూ తిట్టేవాళ్లకూ మధ్య తేడా చాలాసార్లు ఈ ఒక్క సెట్టింగే. ముందు కారుకూ మీకూ మధ్య క్రూయిజ్ ఉంచే ఈ గ్యాప్ అంటే మీటర్లలో స్థిరంగా ఉండే దూరం కాదు, సమయం. వేగం పెరిగేకొద్దీ దూరమూ పెరుగుతుంది. హ్యుందాయ్ మాన్యువళ్లలో ఇచ్చిన లెక్క ప్రకారం 90 కిలోమీటర్ల వేగంలో అతి తక్కువ గ్యాప్ సుమారు 25 మీటర్లు, అతి ఎక్కువ గ్యాప్ 52 మీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ వేగంలో కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది కాబట్టి, ఇది ఒక సెకను నుంచి రెండు సెకన్ల దాకా అన్నమాట.

ఎక్కువ గ్యాప్ పెడితే ఎవరో ఒకరు మధ్యలో దూరుతూనే ఉంటారు, అప్పుడల్లా కారు వెనక్కి తగ్గుతుంది, నేను వెనకబడిపోతున్నాను అన్నది కొందరి గోల. తక్కువ పెడితే ముందు కారు తోక పట్టుకుని పోతున్నట్టు భయం, ముందువాడు కాస్త తగ్గితే చాలు ఇక్కడ కుదుపు. నా ఓటు ఎక్కువ గ్యాప్‌కే. ఎవరైనా మధ్యలోకి వస్తే పోయేది రెండు సెకన్లు. అదే తక్కువ గ్యాప్‌లో ముందు కారు చేసే ప్రతి చిన్న మార్పునూ మీ కారు వెంటనే అనుకరించాల్సి వస్తుంది. బ్రేకు, యాక్సిలరేటర్, మళ్లీ బ్రేకు. మొదటి వారం అతి ఎక్కువ గ్యాప్‌లో నడపండి. తర్వాత ఒక్కో మెట్టు తగ్గిస్తూ మీకు ఎక్కడ కుదురుతుందో చూడండి. వాన పడితే మళ్లీ పైకి పెంచండి.

5. డ్రైవ్ మోడ్ మార్చి చూడండి

ఎలక్ట్రిక్ మోటారు నొక్కగానే పూర్తి బలం ఇస్తుంది. దారి ఖాళీ కాగానే కారు ఎగిరి దూకినట్టు వెళ్తోందని అనిపిస్తే ఎకో మోడ్ పెట్టండి. చాలా కార్లలో క్రూయిజ్ వేగం పుంజుకునే తీరు కూడా దాంతో మెత్తబడుతుంది. కొన్ని కార్లలో క్రూయిజ్ స్పందనకు విడిగా ఒక సెట్టింగ్ ఉంటుంది, అదీ వెతకండి.

6. ఖాళీ రోడ్డు మీద మొదలుపెట్టండి

పగటి వెలుగు, పొడి రోడ్డు, పలుచని ట్రాఫిక్. నిదానంగా వెళ్లే ఒక కారు వెనక చేరి ఏం చేస్తుందో గమనించండి. వేగం ఎప్పుడు తగ్గించడం మొదలుపెట్టింది? మీరైతే అంతకన్నా ముందే తగ్గించేవారా? చాలామందికి తేడా అనిపించేది ఇక్కడే. మనం నాలుగు కార్ల అవతల ఎర్రలైట్లు వెలగడం చూసి కాలు తీసేస్తాం. క్రూయిజ్ ప్రధానంగా తన ముందున్న బండినే చూస్తుంది. కాబట్టి దూరంగా ట్రాఫిక్ గుంపు కనిపించగానే మీరే పెట్టిన వేగాన్ని బటన్‌తో దించేయండి. క్రూయిజ్ తీసేయనక్కర్లేదు. దీన్ని బాగా వాడేవాళ్లు బొటనవేలితో ఇదే పని చేస్తుంటారు.

ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఇండికేటర్ వేస్తే చాలా కార్లు లేన్ మారకముందే కాస్త వేగం అందుకుంటాయి. ముందు కారుకు మరీ దగ్గరగా ఉన్నప్పుడు ఇది తెలియకపోతే ఉలిక్కిపడతారు.

7. చార్జింగ్ సంగతి మీరే కొలవండి

క్రూయిజ్ వల్ల రేంజి పెరుగుతుందా, తగ్గుతుందా? రోడ్డును బట్టి. చదునైన ఖాళీ హైవే మీద స్థిరమైన వేగం వల్ల లాభమే. ఎత్తుపల్లాల దారిలో మాత్రం ఎక్కేటప్పుడు వేగం పడిపోకుండా క్రూయిజ్ బలం పెంచుతుంది, దిగేటప్పుడు రీజెన్‌తో పట్టి ఉంచుతుంది. రీజెన్‌లో తిరిగొచ్చే విద్యుత్తు ఎప్పుడూ పెట్టినంత ఉండదు. ఎక్కేటప్పుడు కాస్త తగ్గనిచ్చి, దిగేటప్పుడు దొర్లనిచ్చే ఓపిక గల డ్రైవర్ ఇక్కడ క్రూయిజ్‌ను ఓడిస్తాడు. అంత ఓపిక లేనివాడు క్రూయిజ్ చేతిలో ఓడిపోతాడు.

పోల్చాలంటే ఒకే దారిలో వెళ్లి రండి, గాలి, ఎత్తుపల్లాల ప్రభావం చాలావరకు సరిపోతుంది. ఒకరోజు క్రూయిజ్‌తో, అదే వాతావరణం ఉన్న ఇంకోరోజు కాలితో. ఏసీ, టైర్ల గాలి, వేగం ఒకేలా ఉండాలి. 100 కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో ట్రిప్ మీటర్‌లో చూడండి. వేగం విషయం మరీ ముఖ్యం, ఎందుకంటే గాలి నిరోధం వేగం వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది. 110 నుంచి 100కి దించితేనే అది సుమారు 17 శాతం తగ్గుతుంది. క్రూయిజ్ చార్జింగ్ తాగేస్తోంది అనేవాళ్లలో కొందరు కాలితో 95లో నడుపుతూ, క్రూయిజ్‌కు మాత్రం 110 పెడతారు. అక్కడ తప్పు క్రూయిజ్‌ది కాదు.

8. ఎక్కడ తీసేయాలో నిర్ణయించుకోండి

జోరువాన, పొగమంచు, మంచు, బిగువైన మలుపుల దారి, హైవే దిగే చోట్లు, రోడ్డు పనులు, బైకులు ఎక్కువగా తిరిగే చోట్లు. మలుపులో ముందు కారు కంటికి దూరమైతే దారి ఖాళీ అనుకుని కారు వేగం పెంచేస్తుంది. హైవే దిగేటప్పుడూ అంతే, ముందున్న కారు పక్కకు తప్పుకోగానే వంపు తిరిగే చిన్న రోడ్డు మీద హైవే వేగం అందుకోబోతుంది. బైకు సన్నగా ఉంటుంది, లేన్‌లో ఒక పక్కకు నడుస్తుంది, అందుకే దాన్ని గుర్తించకపోవచ్చని మాన్యువళ్లే ఒప్పుకుంటాయి.

9. కారులో ఉన్న మిగతావాళ్లను అడగండి

నడిపేవారికి తెలియని కుదుపు వెనక సీటువాళ్లకు తెలుస్తుంది. వాళ్లకు కడుపులో తిప్పుతోందంటే గ్యాప్ పెంచండి, ఎకో మోడ్ పెట్టండి. ఒకే కారును ఇద్దరు నడుపుతుంటే, డ్రైవర్ ప్రొఫైల్ సౌకర్యం ఉంటే ఎవరి సెట్టింగులు వారివిగా దాచుకోండి. ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

ఊరికే బ్రేకు పడటం మొదలైతే

ముందు అద్దం మీద కెమెరా ఉన్న చోటు, బంపర్ దగ్గర రాడార్ ముందు భాగం తుడవండి. అక్కడ స్టిక్కర్ గానీ, తర్వాత అమర్చిన ఫ్రేమ్ గానీ అడ్డం ఉంటే తీసేయండి. ఒకే చోట మళ్లీ మళ్లీ జరుగుతుంటే ఆ చోటు రాకముందే క్రూయిజ్ తీసేయడం తేలికైన పరిష్కారం. వేరువేరు చోట్ల జరుగుతుంటే తేదీ, సమయం, చోటు, వెలుతురు ఎటు నుంచి పడుతోందో రాసిపెట్టుకుని సర్వీస్ సెంటర్‌లో చూపించండి. ముందు అద్దం మార్పించినా, బంపర్‌కు దెబ్బ తగిలి బాగుచేయించినా ఆ సంగతి తప్పకుండా చెప్పండి. ఆ పనుల తర్వాత కెమెరాను, రాడార్‌ను మళ్లీ క్యాలిబ్రేట్ చేయాల్సి (సరిగ్గా చూసేలా సర్దాల్సి) రావచ్చు. చేశారా అని నోరు తెరిచి అడగండి, బిల్లులో ఆ పని రాసి ఉందో లేదో చూసుకోండి.